షెడ్డులో పడున్న డ్రాగ్ కారుకి కొత్త వైరింగ్: ఇంటి దగ్గరే చేసుకునే పద్ధతి

మద్రాసులో పాత డ్రాగ్ కారు (ఆగిన చోటు నుంచి తిన్నటి దారిలో వేగంగా దూసుకుపోయే పందేనికి తయారుచేసిన కారు) బేరానికి వస్తే అందరూ ఇంజిన్ గురించే అడుగుతారు. హెడ్డు పని చేయించారా, ఏ క్యామ్ వేశారు, గేర్ రేషియో మార్చారా అని. వైరింగ్ సంగతి కొనేవాడు అడగడు, అమ్మేవాడు చెప్పడు. తీరా బండి ఇంటికొచ్చాక డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూస్తే అసలు కథ బయటపడుతుంది. ఎటూ చేరని వైర్లు, ఇంటి స్విచ్‌బోర్డుకి వాడే వైరుతో లాగిన ఫ్యూయల్ పంపు లైను, ఎండకి జిగురులా కారిన నల్ల టేపు. ఒక్కో సీజన్‌లో ఒక్కో మెకానిక్ తలో చెయ్యి వేసిన ఫలితం అది.

ఇక్కడ చెప్పేదంతా కార్బురేటర్ ఉన్న పాత మారుతి ఎస్టీమ్‌ని దృష్టిలో పెట్టుకుని. 1994లో వచ్చిన ఈ బండికి 1298 సీసీ ఇంజిన్, తేలిక బాడీ. మన దగ్గర డ్రాగ్ కోసం తయారైన పాత బండ్లలో ఇవి చాలానే. జెన్‌కీ, ఎస్టీమ్ ఇంజిన్ ఎక్కించిన 800కీ ఇదే పద్ధతి సరిపోతుంది. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు పోసే) బండి అయితే ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, సెన్సర్ల వైరింగ్ వేరే సబ్జెక్టు. దాన్ని ఇందులో కలపను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పాత వైరింగ్‌ని రిపేరు చేయొద్దు. మొత్తం తీసేసి, క్వార్టర్ మైలు, అంటే 402 మీటర్లు పరిగెత్తడానికి ఏం కావాలో అంతవరకే కొత్తది కట్టండి. ఏసీ, పవర్ విండోలు, మ్యూజిక్ సిస్టమ్, డోర్ ల్యాంపు ఏవీ లేని బండికి ఫ్యాక్టరీ హార్నెస్ (మొత్తం వైర్ల కట్ట) మోయాల్సిన పని లేదు. బరువు తగ్గుతుంది, అంతకన్నా ముఖ్యంగా తప్పు ఎక్కడుందో వెతికే చోట్లు తగ్గుతాయి.

ముందు బండి వరద చూసిందో లేదో తేల్చుకోండి

చెన్నైలో పాత కారు కొంటే ఇది తప్పనిసరి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో షెడ్లలోనే మునిగిన బండ్లు లెక్కలేనన్ని. పైపైన కడిగి పెయింటు కొట్టేస్తే కంటికి ఏమీ తెలియదు. సీట్ బెల్టుని చివరిదాకా బయటికి లాగండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే నీళ్లు అంత ఎత్తు వచ్చినట్టే. హెడ్‌లైట్ వెనక కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి చూడండి, సన్నటి మట్టి పొర కనిపిస్తుంది. కార్పెట్ లేని డ్రాగ్ కారులో అయితే సీటు పట్టాల బోల్టుల కింద చూడాలి.

ఏదో ఒక వైరుని మధ్యలో కోసి ఇన్సులేషన్ రెండు అంగుళాలు ఒలిచి చూడండి. మంచి రాగి ఎర్రగా మెరవాలి. నల్లబడితే దాని పని అయిపోయినట్టే, టంకం కూడా అంటదు. చివర్లలో ఆకుపచ్చ పొడి కనిపిస్తే తేమ, ఉప్పు కలిసి లోపలికి పాకాయని అర్థం. ఆ పచ్చదనం కొస దగ్గర మొదలై ఇన్సులేషన్ కిందనుంచి అడుగుల దూరం లోపలికి పోతుంది. అందుకే కొస కత్తిరించి కొత్త లగ్గు (వైరు కొసకి నొక్కే లోహపు ముక్క) వేస్తే సరిపోతుందనుకోవడం వృథా. తిరువొత్తియూరు, ఎన్నూరు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఉన్న బండ్లకి వరద రాకపోయినా ఈ జబ్బు వస్తుంది.

పీకే ముందు రాసుకోండి

బ్యాటరీ తీసేయండి. ట్యాంకులో పాత పెట్రోలు ఉంటే ఖాళీ చేసి, ట్యాంకు బయట పెట్టండి. ఏబీసీ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఒకటి చేతికందేలా ఉంచుకోండి.

ఇప్పుడు ప్రతి కప్లర్‌కీ ఫోన్‌లో రెండు ఫోటోలు: ఒకటి దగ్గరగా రంగులు కనిపించేలా, ఇంకోటి దూరంగా ఎక్కడుందో తెలిసేలా. తర్వాత మాస్కింగ్ టేపు మీద పేరు రాసి అంటించండి. డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్, టెంపరేచర్ సెండర్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, రివర్స్ స్విచ్ అన్నీ. ఆల్టర్నేటర్ వెనక ఉండే చిన్న కప్లర్‌ని మాత్రం మొదట్లోనే కత్తిరించకుండా అడుగు పొడవు వైరుతో సహా దాచండి. కొత్తది దొరకదని కాదు, ఏ పిన్ను ఏదో పోల్చుకోవడానికి అది చేతిలో ఉంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

డ్రాగ్ కారులో అనాథ వైర్లు ఎక్కువ. ఒకప్పుడు నైట్రస్ (ఇంజిన్ బలం పెంచే గ్యాసు) పెట్టి ఉంటే దాని సోలెనాయిడ్ లైను, కార్బురేటర్ లింకేజ్ దగ్గర చిన్న మైక్రోస్విచ్ మిగిలిపోతాయి. అమెరికా కార్లని చూసి ఎవరో లైన్ లాక్ (ముందు బ్రేకులు మాత్రమే పట్టి ఉంచే పరికరం) కోసం వేసిన వైరు కూడా ఉండొచ్చు. ఎస్టీమ్ ముందు చక్రాల బండి. బర్నౌట్ (టైర్లు వేడెక్కేలా ఉన్నచోటే తిప్పడం) చేయాలంటే హ్యాండ్‌బ్రేక్ లాగితే వెనక చక్రాలు ఆగుతాయి, ముందువి తిరుగుతాయి. లైన్ లాక్‌తో దీనికి పనే లేదు. నిర్మొహమాటంగా తీసేయండి.

బ్యాటరీ డిక్కీలో ఉంటే ముందుకి తెచ్చేయండి

ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని ఉల్టాగా చేస్తారు. అమెరికాలో డ్రాగ్ రేసింగ్‌ని ఒక పద్ధతిలో పెట్టిన ఎన్‌హెచ్ఆర్ఏ 1951లో మొదలైంది. అక్కడ ఆనాటి నుంచి పేరున్న కార్లు ఎక్కువగా వెనక చక్రాలతో నడిచేవి. స్టార్టింగ్ లైను దగ్గర బరువు వెనక టైర్ల మీద పడితే పట్టు దొరుకుతుంది. అందుకే వాళ్లు బ్యాటరీని డిక్కీలోకి మార్చారు. మనవాళ్లు ఫోటోలు చూసి ఎస్టీమ్‌లో కూడా అలాగే పెట్టారు. లాంచ్‌లో ఎలాగూ బరువు వెనక్కి పోయి ముందు టైర్లు జారుతుంటాయి. ఉన్న బ్యాటరీ బరువు కూడా వెనక్కి పంపితే ఇంకా జారతాయి.

కరెంటు లెక్క కూడా ముందుకే మొగ్గుతుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు 150 ఆంపియర్లు లాగుతుందనుకోండి. 25 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్‌కి మీటరుకి దాదాపు 0.0008 ఓం రెసిస్టెన్స్. నాలుగు మీటర్ల కేబుల్‌లోనే అర వోల్టు దాకా పోతుంది. 16 స్క్వేర్ ఎంఎం వాడితే ముప్పావు వోల్టు. అదే బ్యాటరీ ముందు, దాని అసలు ట్రేలో ఉంటే కేబుల్ మీటరు కూడా ఉండదు. పైగా మనుషులు కూర్చునే చోటు గుండా ఫ్యూజు లేని లావు కేబుల్ పోదు.

వైరింగ్‌కన్నా ముందు టింకరింగ్

ఫ్లోరు తుప్పు, రోల్ కేజ్ (బండి బోల్తా పడితే డ్రైవర్‌ని కాపాడే ఇనుప చట్రం) కాళ్లు, బ్యాటరీ ట్రే లాంటి రేకు పని అయ్యాకే వైరు ముట్టుకోండి. తుప్పుని గీకి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ పూసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, తర్వాతే పెయింటు. తుప్పు మీద పట్టీ పెట్టి మూసేస్తామంటే టింకరింగ్ మేస్త్రీకి గట్టిగా వద్దని చెప్పండి. కేజ్ బేస్ ప్లేటు చుట్టూ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే రేకు లోపలికి పోకూడదు. వెల్డింగ్ జరిగేటప్పుడు ఆల్టర్నేటర్, ఇగ్నిషన్ కనెక్షన్లు ఊడదీసి ఉండాలి. పెయింటు అయ్యాక ఫైర్‌వాల్‌లో అక్కర్లేని కన్నాలన్నీ రేకుతో మూయించండి, రబ్బరు గ్రోమెట్ ఉన్నవి రెండో మూడో చాలు.

కాగితం మీద బండి

ఒక చార్టు పేపరు తీసుకుని ఈ బండికి ఏమేం కావాలో రాయండి. సెల్ఫ్, చార్జింగ్, ఇగ్నిషన్, ఫ్యూయల్ పంపు, రేడియేటర్ ఫ్యాను, మీటర్లు, షిఫ్ట్ లైటు (గేరు మార్చమని చెప్పే దీపం), వెనక ఎర్ర దీపం, బ్రేకు దీపం. హెడ్‌లైట్లు కావాలా వద్దా మీ ఇష్టం, వెనక దీపాలు మాత్రం తీయొద్దు. ఫినిష్ లైను దాటాక స్పీడు తగ్గించుకునేటప్పుడు వెనకొచ్చేవాడికి మీరు కనిపించాలి.

ప్రతిదాని పక్కన ఎంత కరెంటు లాగుతుందో రాయండి. బల్బులకి వాట్స్‌ని 12తో భాగిస్తే సరి: రెండు బ్రేకు బల్బులు చెరో 21 వాట్లు, అంటే మూడున్నర ఆంపియర్లు. ఫ్యాను, పంపులకి మాత్రం పుస్తకంలో అంకె నమ్మకుండా డీసీ క్లాంప్ మీటర్‌తో కొలవండి. అరిగిన మోటారు ఎక్కువ లాగుతుంది.

వైరు లావు ఆ తర్వాత తేలుతుంది. వెనకున్న పంపు 7 ఆంపియర్లు లాగుతూ, వైరు నాలుగు మీటర్లు ఉంటే 1 స్క్వేర్ ఎంఎం వైరులో అర వోల్టు పైనే పోతుంది. 2.5 వేస్తే పావు వోల్టు లోపే. పంపుకి వోల్టేజ్ తగ్గితే ప్రెషర్ తగ్గుతుంది, టాప్ గేర్‌లో ఇంజిన్ ముక్కుతుంది, మీరేమో కార్బురేటర్ జెట్లు మారుస్తూ కూర్చుంటారు. పంపుకీ ఫ్యానుకీ 2.5, ఇగ్నిషన్‌కి 1.5, దీపాలకీ మీటర్లకీ 1 లేదా 0.75 వేస్తే హాయిగా నడుస్తుంది.

ఫ్యూజు కాపాడేది వైరుని, పరికరాన్ని కాదు. 1 స్క్వేర్ ఎంఎంకి 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు, 1.5కి 15 నీలం, 2.5కి 20 పసుపు దాటనీయొద్దు. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే పెద్దది వేసేవాడిని బండి దగ్గరికి రానివ్వకండి.

సామాను

రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్‌లు), ఫ్యూజు బాక్సు, ఆటో వైరు జి.పి. రోడ్డులో దొరుకుతాయి. మల్టీమీటర్, హీట్ ష్రింక్ స్లీవులు, డయోడ్లు రిచీ స్ట్రీట్‌లో. పాత కప్లర్లు, వైరు తోకతో సహా కావాలంటే పుదుపేట. ‘ఎస్టీమ్ కప్లర్’ అనగానే ‘కార్బేటరా, ఎంపీఎఫ్ఐయా సార్?’ అని తెలుగులోనే అడిగే కుర్రాళ్లు అక్కడ కనిపిస్తారు. పాత కప్లర్ కొంటే పిన్నుల లోపల స్ప్రింగ్ బిగువు చూడండి, లూజుగా ఉంటే చవకైనా వద్దు.

ఇంటి వైరు ఎంత మంచి కంపెనీదైనా బండికి వాడకండి. దాని పీవీసీ మామూలుగా 70 డిగ్రీలకి తయారైంది. బానెట్ కింద మే నెల ఎండకి ఎగ్జాస్ట్ వేడి కూడా తోడవుతుంది. ఆటో వైరుకి 85 లేదా 100 డిగ్రీల రేటింగ్ ఉంటుంది, సన్నటి పోగులు ఎక్కువ కాబట్టి అదురుకి తట్టుకుంటుంది. టిన్ పూత ఉన్న రాగి దొరికితే సముద్రపు గాలికి అదే మేలు.

అసలు డబ్బు పెట్టాల్సింది క్రింపింగ్ టూల్ (లగ్గుని వైరు మీద నొక్కే పనిముట్టు) మీద. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు ఆ రోజుకి పని చేస్తుంది, అంతే.

లగ్గు వేయడం

ఇన్సులేషన్ ఒక్క పోగు కూడా తెగకుండా ఒలవాలి. ఓపెన్ బ్యారెల్ లగ్గుకి రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగిని పట్టుకోవాలి, వెనక జత ఇన్సులేషన్‌ని. వెనక జత రాగి మీద పడితే మొదటి సీజన్‌లోనే అక్కడ వైరు విరుగుతుంది. నొక్కాక ముందు రెక్కల అవతల రాగి కొసలు సూది మొనంత కనిపించాలి. ఆ తర్వాత గట్టిగా లాగి చూడండి. ఊడిందా, మంచిదే, ఇప్పుడే ఊడింది.

టంకం వేయాలా అని అందరూ అడుగుతారు. టంకం పోగుల మధ్యకి పాకి వైరుని కొంతదూరం కడ్డీలా చేస్తుంది. అదురే బండిలో ఆ గట్టి భాగం ఆగిన చోటే వైరు తెగుతుంది. నేనైతే క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేస్తాను. బ్యాటరీ కేబుల్ థింబుల్స్‌ని సుత్తితో కొట్టకండి. హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న ఎలక్ట్రికల్ షాపులో కొలతిచ్చి చేయించుకోండి.

హార్నెస్‌ని బండిలో కాకుండా ప్లైవుడ్ మీద కట్టండి. తాడుతో బండిలో దారి కొలిచి, అదే ఆకారంలో ప్లైవుడ్ మీద మేకులు కొట్టి వైర్లు పరవండి. ప్రతి వైరు రెండు కొసల్లోనూ నంబరు. రంగులు అన్నీ దొరకవు కాబట్టి ఎరుపు ఎప్పుడూ లైవ్, నలుపు ఎప్పుడూ ఎర్త్, మిగతావి నంబర్లతో గుర్తు. దారంతో జానెడుకో ముడి వేస్తూ పోవాలి, కోయంబేడులో మల్లెలు కట్టే చేతుల్లా. టేపు చుట్టడం ఆఖర్న, కొసల్లో మాత్రమే. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య వైరుకి వంపు వదలండి: అడ్డంగా కూర్చున్న ఇంజిన్ క్లచ్ వదలగానే ముందుకీ వెనక్కీ ఊగుతుంది, బిగుతుగా కడితే కప్లరే ఊడుతుంది. టాకోమీటర్ వైరుని ప్లగ్ లీడ్ల పక్కన పోనివ్వకండి, ముల్లు పిచ్చిగా ఎగురుతుంది.

ఎర్త్

కరెంటు వెళ్లడానికి ఎంత దారి కావాలో తిరిగి రావడానికీ అంతే కావాలి. బ్యాటరీ నెగటివ్ నుంచి గేర్‌బాక్స్ బోల్టుకి ఒక లావు కేబుల్, అక్కడి నుంచి బాడీకి ఇంకోటి. ఎర్త్ బోల్టు చుట్టూ పెయింటు గీకి మెరిసే రేకు మీద స్టార్ వాషర్‌తో బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. కొత్త పెయింటు వేసిన బండ్లలో సగం ఎర్త్ జబ్బులు పెయింటు గీకకపోవడం వల్లే.

ఇంజిన్ ఎర్త్ స్ట్రాప్ లేకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. సెల్ఫ్ కరెంటు ఎలాగైనా వెనక్కి పోవాలి కాబట్టి ఇంజిన్‌కీ బాడీకీ మధ్య దొరికిన ఇనుము పట్టుకుంటుంది. ఎస్టీమ్‌లో అది క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. సెల్ఫ్ కొడుతూ క్లచ్ కేబుల్‌ని పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. లోపలి ప్లాస్టిక్ పూత కరిగి కేబుల్ బిగుసుకుంటుంది. మెకానిక్ కేబుల్ మారుస్తాడు, నెలకి మళ్లీ అదే కథ.

పంపుకీ ఫ్యానుకీ బాడీ ఎర్త్ మీద ఆధారపడకుండా సొంత నల్ల వైరు వేయండి.

రిలేలు, పంపు

రిలేలో 30 అంటే ఫ్యూజు నుంచి వచ్చే కరెంటు, 87 పంపుకో ఫ్యానుకో పోయేది, 85, 86 లోపలి కాయిల్. డ్యాష్ మీది చిన్న స్విచ్ ఆ కాయిల్‌ని మాత్రమే నడపాలి. 85, 86 మధ్య 1ఎన్4007 డయోడ్ ఒకటి, గీత ఉన్న వైపు ప్లస్‌కి వచ్చేలా వేస్తే స్విచ్ ఆఫ్ చేసినప్పుడు వచ్చే వోల్టేజ్ దెబ్బ ఆగుతుంది. రిలేల నోరు కిందికి ఉండేలా బిగించండి, నీళ్లు నిలవవు.

ఎస్టీమ్‌కి అసలు ఉన్నది మెకానికల్ పంపు. ఎలక్ట్రిక్ పంపు ఎవరో తర్వాత పెట్టింది. ఇంజిన్ ఆగినా అది తిరుగుతూనే ఉంటే, గొట్టం తెగిన రోజు పెట్రోలు ఇంజిన్ మీదే కారుతుంది. ఆయిల్ ప్రెషర్ ఉన్నప్పుడే కలిసే స్విచ్ ఒకటి కొని పంపు రిలే కాయిల్‌కి దాని ద్వారా కరెంటు ఇవ్వండి. బండి మీదున్న ల్యాంపు స్విచ్ ప్రెషర్ లేనప్పుడు కలిసేది, అది పనికిరాదు. స్టార్ట్ చేసే ముందు కార్బురేటర్ నిండడానికి వేలు తీస్తే ఆగే పుష్ బటన్ పక్కన పెట్టండి.

కటాఫ్ స్విచ్

ప్రమాదంలో బండి కరెంటంతా ఒక్కసారిగా ఆపే స్విచ్ ఇది. బ్యాటరీ లైను తెంపితే ఇంజిన్ ఆగుతుందనుకుంటారు. ఆగదు. ఆల్టర్నేటర్ తిరుగుతోంది కదా, ఇగ్నిషన్‌కి కరెంటు అదే ఇస్తుంది. అందుకే రెండు పెద్ద టెర్మినళ్లతో పాటు నాలుగు చిన్నవి ఉన్న రేసింగ్ కటాఫ్ స్విచ్ కొనండి. చిన్నవాటిలో ఒక జత స్విచ్ ఆఫ్ చేస్తే విడిపోతుంది: ఇగ్నిషన్ లైను దాని గుండా పోవాలి. రెండో జత ఆఫ్ చేస్తే కలుస్తుంది: లోడు వైపు పెద్ద టెర్మినల్ నుంచి దాని గుండా 3 ఓంల రెసిస్టర్ ద్వారా ఎర్త్‌కి. తెగిన క్షణంలో ఆల్టర్నేటర్ కక్కే వోల్టేజ్ అందులోకి పోతుంది. ఏ జత ఏదో స్విచ్ మీది అక్షరాలు చూసి ఊహించకుండా మల్టీమీటర్ పెట్టి తేల్చుకోండి. ఈ రెండూ కలగలిపితే బండి స్టార్ట్ కాదు, రెసిస్టర్ కాలుతుంది.

స్విచ్ విండ్‌స్క్రీన్ కింది అంచు దగ్గర, బయటి మార్షల్‌కీ బెల్టు కట్టుకున్న మీకూ అందేలా ఉండాలి. పక్కన తెల్ల అంచు నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు స్టిక్కర్. చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో స్క్రూటినీకి (పందేనికి ముందు బండి తనిఖీకి) నిలబడితే అది వెతుకుతారు.

బ్యాటరీ పెట్టే రోజు

అన్ని ఫ్యూజులూ తీసి, ప్లస్ కేబుల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెసిస్టెన్స్ చూడండి, అంకె రాకూడదు. తర్వాత ప్లస్ కేబుల్‌ని నేరుగా కాకుండా 21 వాట్ల బ్రేకు బల్బు ద్వారా బ్యాటరీకి కలపండి. షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, వైరు కాలదు. వెలగలేదంటే ఒక్కో ఫ్యూజూ పెట్టి ఒక్కో స్విచ్ వేసి చూడండి.

సెల్ఫ్ కొట్టే ముందు ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి చేత్తో ఇంజిన్ తిప్పండి. టైమింగ్ బెల్టు ఏళ్లుగా ఒకే మడతలో ఉండిపోయిన రబ్బరు, మార్చకుండా తిప్పొద్దు. పెట్రోలు గొట్టాలు, బ్రేకు ఆయిల్ కూడా కొత్తవి. టైరు గోడ మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. పాత స్లిక్కులు (గాళ్లు లేని రేసు టైర్లు) గోరు దిగనంత గట్టిపడితే అలంకారానికే.

ఇగ్నిషన్ కాయిల్ లైను తీసి సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్ పోస్టుకీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య వోల్టేజ్ చూడండి. 0.2 దాటితే ఎర్త్ మళ్లీ చేయాలి. ప్లస్ వైపు, బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా 0.5 లోపు ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు రావాలి. స్పార్క్ ఆర్డర్ 1-3-4-2. తర్వాత ఇంజిన్‌ని 2000 ఆర్‌పీఎం మీద ఉంచి కటాఫ్ తిప్పండి. చటుక్కున ఆగాలి. ఒక్క క్షణం దగ్గుతూ నడిచినా ఇగ్నిషన్ లైనుకి ఎక్కడో దొడ్డిదారి ఉన్నట్టు. చాలాసార్లు అది చార్జింగ్ ల్యాంపు వైరులోంచి వస్తుంది.

ఈ బండిని ట్రాక్‌కి ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లండి. రిజిస్ట్రేషన్‌లో లేని మార్పులకి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ‘ఒక్కసారి చూద్దాం’ అని పందెం పెడితే 189వ సెక్షన్: 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. లారీ ఎక్కించాక కటాఫ్ ఆఫ్ చేయండి. గ్లవ్ బాక్సులో విడి ఫ్యూజులు, ఒక రిలే, నంబర్లు రాసిన ఆ చార్టు జిరాక్స్ పెట్టుకోండి. మొదటి పరుగు అయ్యాక బానెట్ ఎత్తి ఫ్యూజు బాక్సు, రిలేలు, ఎర్త్ బోల్టులు చేత్తో తాకి చూడండి. ఏది మిగతావాటికన్నా వేడిగా ఉందో అక్కడ క్రింప్ మళ్లీ చేయండి.